పార్కుకు నీళ్లు పోయడానికి ఎన్ని సంతకాలు కావాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణం. లేఅవుట్ వేసినప్పుడు వదిలిన స్థలంలో మా కాలనీకి ఒక పార్కు ఉంది. చుట్టూ ప్రహరీ, లోపల ఉయ్యాలలు, జారుడుబండ, ఒక బోరు. బోరు మోటారు ఎప్పుడో కాలిపోయింది. వానలు పడితే వయ్యారిభామ నడుము ఎత్తు పెరుగుతుంది. ఎండలు ముదిరితే నాటిన మొక్కలు నాటినట్టే ఎండిపోతాయి.

దీన్ని బాగుచేసుకుందామని కాలనీవాళ్లం ముందుకొచ్చాం. మాలో రిటైరైన టీచర్లున్నారు, ఆర్టీసీ డ్రైవర్ ఉన్నాడు, మహిళా సంఘం అక్కలు, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. మోటారు వైండింగ్ చేసే తమ్ముడొకరు కూలి వద్దన్నాడు, రాగి తీగ ఖర్చు చందాతో సరిపోతుందన్నాడు. డబ్బు అడగలేదు, మనుషుల్ని పంపమనలేదు. పని చేసుకోనివ్వమని మాత్రమే మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాం.

మోటారు మున్సిపాలిటీ ఆస్తి కాబట్టి బయటివాళ్లు విప్పకూడదన్నారు. ఇంజినీరింగ్ సెక్షన్ ఎస్టిమేట్ వేయాలి, దానికి మంజూరు రావాలి, ఆ తర్వాత టెండర్ అన్నారు. కలుపు సంగతి శానిటేషన్ వాళ్లను అడగమన్నారు. ఇక చెట్ల కొమ్మలంటే అటవీ శాఖ అన్నారు. ఎవరినీ తప్పుపట్టలేం, అందరూ మర్యాదగానే మాట్లాడారు. వద్దని ఎవరూ రాసివ్వలేదు, సరేనని కూడా రాసివ్వలేదు. మా దగ్గర మిగిలింది ఇన్‌వార్డ్ ముద్ర పడిన కాగితం ఒక్కటే.

ఈలోగా ఏం జరిగిందో చెప్పాలి. నర్సరీ నుంచి తెచ్చిన కానుగ, నేరేడు మొక్కల్ని పార్కు గోడ పక్కన నీడలో పెట్టాం. అనుమతి రాగానే నాటాలని రోజూ బిందెలతో నీళ్లు పోశాం. చూస్తుండగానే వేర్లు కవర్ల అడుగు చీల్చుకుని కింది నేలలోకి దిగిపోయాయి. కవరు ఎత్తితే తల్లివేరు పుటుక్కున తెగింది. ఉయ్యాల గొలుసు పైకొక్కెం అరిగి అరిగి సగానికి సగం సన్నబడింది. మా వీధి చివరి వెల్డింగ్ షాపులో పూట పని అది. అయినా దానికీ ఎస్టిమేట్ కావాలట. తల్లులు పిల్లల్ని ఆ ఉయ్యాల ఎక్కనివ్వడం మానేశారు.

ఇదే రాష్ట్రంలో ఇల్లు కట్టుకునేవాళ్లను ప్రభుత్వం ఎంతగా నమ్ముతోందో చూడండి. 2020లో తెచ్చిన బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలమైతే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇస్తున్నారు. అంతకన్నా పెద్ద భవనాలకు 21 రోజుల గడువు ఉంది, ఆలోగా జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే. మూడంతస్తులు లేపేవాడి మాట నమ్మే ప్రభుత్వం, మొక్కకు పాదు తీస్తామనే వాళ్లను ఎందుకు నమ్మదు?

చట్టంలో మాకు చోటు లేకపోలేదు. 2019 మున్సిపాలిటీల చట్టం మున్సిపల్ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది చొప్పున యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు ఉండాలంది. జనం చేయి వేయకుండా ఆ 85 శాతం ఎలా సాధ్యం? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వనట్టుంది మా పరిస్థితి.

అధికారుల భయం నాకు అర్థం కానిది కాదు. మేం బాగుచేసిన ఉయ్యాల మీంచి ఏ బిడ్డో పడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాళ్లే. ఆడిట్‌లో ప్రశ్నలు వస్తాయి. సేవ పేరుతో మొక్కలు నాటి, కంచె వేసి, తర్వాత ఒక రేకుల గది లేపి పార్కు జాగా కలిపేసుకున్నవాళ్లు మన పట్టణాల్లో లేకపోలేదు. అందుకే మాకు పెత్తనం వద్దు, తాళంచెవీ వద్దు. ఏ పని ఎవరు చేస్తారో రాసుకున్న ఒక కాగితం, దాని కింద పేరుతో సహా ఒక అధికారి సంతకం ఉంటే చాలు. హైదరాబాద్‌లో కాలనీ సంఘాలకు పార్కుల నిర్వహణ అప్పగించే పద్ధతి ఎన్నాళ్లుగానో ఉంది. జిల్లా పట్టణాలకు అదెందుకు రాకూడదు?

అధికారులు పూనుకుంటే ఏం చేయగలరో పాలమూరు వాళ్లకు తెలుసు. 2017 డిసెంబర్‌లో పిల్లలమర్రికి చెదలు పట్టి పెద్ద కొమ్మ కూలితే, సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించి ఆ మానును నిలబెట్టారు. వందల ఏళ్ల మర్రికి చూపిన శ్రద్ధలో కాస్త మా పార్కు మీదా చూపమంటున్నాం.

పురపాలక శాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. కలుపు తీయడం, నీళ్లు పోయడం, మొక్కలు నాటడం, చెత్త ఏరడం లాంటి పనులకు ముందే సమాచారం ఇస్తే చాలు, అనుమతి అక్కర్లేదని చెప్పాలి. కరెంటు, ఆటవస్తువులు, చెట్ల కొమ్మల పనులకు వార్డు అధికారినే బాధ్యుడిని చేసి, బీపాస్‌లో లాగే 21 రోజుల గడువు పెట్టాలి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పాలి. మృగశిర కార్తెలోగా ఇది జరిగితే ఈ వానాకాలం వృథా కాదు. మీ పత్రిక ద్వారా ఈ విషయం శాఖ ఉన్నతాధికారుల దృష్టికి తీసుకెళ్లాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా