మా అర్జీ కాలేజీకి చేరింది, మావాడికి ‘కౌన్సెలింగ్’ అయ్యింది

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

నేను పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరి అంగన్‌వాడీ టీచర్ని. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మా అబ్బాయి గురించి, వాడిలాంటి పిల్లల గురించి సోమవారం అర్జీల్లో ఇప్పటికి మూడుసార్లు మొర పెట్టుకున్నాను. మూడింటికీ రసీదులున్నాయి. మూడూ పరిష్కారమయ్యాయని మెసేజీలు వచ్చాయి. ఒకసారి ఫోను కూడా చేసి, పరిష్కారం తృప్తిగా ఉంటే ఒకటి నొక్కమన్నారు. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈసారి అర్జీ పెట్టకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

మావాడు పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాడు. 561 మార్కులు వచ్చాయి. ఫలితాలు రాకముందు నుంచే కాలేజీల పీఆర్వోలు ఇంటి చుట్టూ తిరిగారు. వాళ్లలో ఒకాయన ఇచ్చిన రంగుల పుస్తకంలో ‘నిరంతరం సైకాలజిస్టు పర్యవేక్షణ’ అని ఉంది. ఫీజు సంగతి, ర్యాంకుల సంగతి మా ఆయన మాట్లాడుకున్నాడు. నేను చూసింది ఆ ఒక్క ముక్కే. మూడేళ్ల పిల్లలు కొత్తగా కేంద్రానికి వచ్చినప్పుడు గడప దగ్గర అమ్మ కొంగు వదలకుండా ఏడవడం నాకు అలవాటైన విషయం. పదహారేళ్ల వాడికీ అదే బెంగ ఉంటుంది, కాకపోతే పైకి ఏడవడానికి సిగ్గుపడతాడు. చూసుకునే మనిషి ఒకరున్నారు కదా అని ధైర్యం చేశాను. 2025 జూన్‌లో విజయవాడ శివార్లలోని ఆ కాలేజీ హాస్టల్లో ట్రంకు పెట్టె, బకెట్టు, పరుపు దింపి వచ్చాం.

ఆ తర్వాత మావాడికీ మాకూ మధ్య మిగిలింది వారానికి ఒక్క ఫోను. ఆదివారం మధ్యాహ్నం, సెక్షన్ల వారీగా వరస. మనిషికి ఐదు నిమిషాలు. ఫోను ఫ్లోర్ ఇన్‌చార్జి గదిలో బల్ల మీద ఉంటుంది. స్పీకర్ పెట్టే మాట్లాడాలి. వెనక పదిమంది నిలబడి ఉంటారు. “బాగున్నావా నాన్నా” అంటే “బాగున్నా”. “తిన్నావా” అంటే “తిన్నా”. “ఏం కూర పెట్టారు” అంటే ఒక ఆదివారం కాసేపు ఆగి, “గుర్తులేదమ్మా” అన్నాడు. ఏం కూరో అడగకుండా కంచం ముందు కూర్చోని పిల్లాడండీ వాడు. అన్నం తిని గంట కాలేదు. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. మధ్యలో మా ఆయన ఫోను లాక్కుని “వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది” అనేవాడు. ఐదులో మూడు నిమిషాలు దానికే పోయేవి. ఆయన్ని తప్పుపట్టను, నేనూ అడిగాను. నలుగురూ వింటున్న ఫోనులో మార్కులు తప్ప ఏం అడగాలో మాకూ తోచలేదు.

ఇంటికి పంపే సెలవులకు అక్కడ ‘హోంసిక్ హాలిడేస్’ అని పేరు. బెంగ నాలుగు రోజుల్లో తీరిపోవాలి, మళ్లీ సంక్రాంతి దాకా రాకూడదు.

దసరాకు వచ్చాడు. మొదటి రాత్రి అన్నం తింటూ తల ఎత్తలేదు. గబగబా తినేసి, కంచం పంపు దగ్గర కడిగి బోర్లించాడు. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి, “అమ్మా, బాత్రూముకి వెళ్లొచ్చా?” అన్నాడు.

సొంత ఇంట్లో అడిగాడండీ ఆ మాట. నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏమన్నాడో వాడికీ అప్పుడే తెలిసినట్టుంది, నవ్వబోయాడు, నవ్వు రాలేదు, పెరట్లోకి వెళ్లిపోయాడు. తెల్లారగట్ల ఐదింటికి చూస్తే మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. బెల్లు మోగినట్టు అనిపించిందట. అక్కడ పదకొండింటికి పడుకోబెట్టి ఐదింటికి లేపుతారు. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. ఆ ఈడులో ఒంట్లో గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది, రాత్రి తొందరగా నిద్ర పట్టదు, పొద్దున్నే మెలకువ రాదు. అది ఎదిగే మెదడు తీరు. మావాడి హాస్టల్లో దాన్ని బద్ధకం అంటారు, దానికి శిక్ష స్టడీ అవరంతా నిలబడి చదవడం.

మూడో రోజు మా అత్తగారి పక్కన పడుకుని ఆవిడకు చెప్పాడు, నాకు కాదు. పదిహేను రోజులకోసారి మార్కుల్ని బట్టి సెక్షను మారుస్తారట. సెక్షను మారితే గది కూడా మారుతుంది. నాలుగో అంతస్తు నుంచి కింది అంతస్తుకు పెట్టె దించుకుంటుంటే, పైకి ఎక్కే పిల్లలు వాళ్ల పెట్టెలతో మెట్ల మీద ఎదురవుతారు. ఎవరు దిగుతున్నారో ఎవరు ఎక్కుతున్నారో అందరికీ కనిపిస్తుంది. ఎవరూ మాట్లాడుకోరు. “నానమ్మా, స్నేహం కుదిరేలోపే మంచం మారిపోద్ది” అన్నాడట. మూడున్నర నెలల్లో ఐదు మంచాలు మారాడు. కర్నూలు వైపు పిల్లాడు ఒక్కడే వీడితో పాటు దిగుతూ వచ్చాడు. వాడొక్కడే మిగిలాడు.

మంత్రి గారూ, నా కేంద్రంలో ప్రతి పిల్లాడినీ నెలనెలా తూకం వేస్తాను. ఎత్తు కొలుస్తాను. యాప్‌లో ఎక్కిస్తాను. బరువు తగ్గితే సూపర్‌వైజర్ అడుగుతుంది, ఎందుకు తగ్గాడో తల్లిని పిలిచి మాట్లాడతాం. ఆటలో కలవని పిల్లాణ్ణి, పిలిస్తే చూడని పిల్లాణ్ణి గమనించమని మాకు శిక్షణలో చెబుతారు. ఆరేళ్లు నిండేదాకా ఇంత కనిపెట్టుకుని ఉండే ప్రభుత్వం, పదహారేళ్ల వయసులో పిల్లాడు కూర పేరు మరిచిపోతే ఎవరితో చెప్పుకోవాలో చూపించలేదు. మానసిక సమస్యల్లో సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ఆ వయసుకు మనం చూడటం ఎప్పుడో మానేసి ఉంటాం.

సెలవులయ్యాక దింపడానికి వెళ్లినప్పుడు, సైకాలజిస్టు గారిని ఒకసారి కలుస్తామని అడిగాం. డీన్ గారు తమ గది తలుపు మీది బోర్డు చూపించారు. ‘కౌన్సెలింగ్ రూమ్’ అని ఉంది. అది ఆయన గదే. మార్కులు తగ్గిన పిల్లల్ని అక్కడికే పిలుస్తారట. మన దగ్గర ఈ కౌన్సెలింగ్ అనే మాటే పాడైపోయిందండీ. రౌడీషీటర్లను ఆదివారం స్టేషన్‌కు పిలిచి కూర్చోబెడితే అదీ కౌన్సెలింగే, ఇంజినీరింగ్ సీట్లు పంచితే అదీ కౌన్సెలింగే, పిల్లాణ్ణి నిలబెట్టి “మీ నాన్న ఎంత కష్టపడుతున్నాడో తెలుసా” అని ఏడిపిస్తే అదీ కౌన్సెలింగే. పిల్లాడు చెప్పేది అడ్డు రాకుండా వినడం, విన్నది బయటికి పోనివ్వకపోవడం అనే అసలు పని చేసే మనిషే అక్కడ లేరు.

అప్పుడు పెట్టాను మొదటి అర్జీ. ఆ తర్వాత జరిగింది చెప్పడానికే ఈ లేఖంతా. నా అర్జీ కలెక్టరేట్ నుంచి ఇంటర్ విద్య అధికారులకు వెళ్లింది. వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు, నా పేరుతో, మావాడి పేరుతో, ఆ కాలేజీకే పంపి వివరణ అడిగారు. ‘సదరు విద్యార్థికి కౌన్సెలింగ్ ఇవ్వడమైనది’ అని కాలేజీ రాసిచ్చింది. దాంతో పరిష్కారమైనట్టు రాసేసుకున్నారు. నిజంగానే ఇచ్చారండీ కౌన్సెలింగ్. డీన్ గదిలోకి పిలిచి, నా అర్జీ కాగితం చేతికిచ్చి, గట్టిగా చదవమన్నారట. దసరా రాత్రి సంగతి కూడా నేను అందులో రాశాను. బాత్రూముకి అడిగిన మాట వాడు తన నోటితో వాళ్ల ముందు చదవాల్సి వచ్చింది. గదిలో ముగ్గురు లెక్చరర్లు ఉన్నారట. ఆ ఆదివారం ఫోనులో, స్పీకర్ మీదే, “అమ్మా, నువ్వింకెప్పుడూ ఎవరికీ ఏమీ రాయొద్దు” అన్నాడు. మిగతా నాలుగు నిమిషాలూ ఇద్దరం మాట్లాడుకోలేదు. నా బిడ్డ నమ్మి చూపించిన మనసును నేనే తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టినట్టయింది. ఈ బాధ నాకు పోదు.

రెండో అర్జీలో పేర్లు బయటపెట్టొద్దని రాశాను. పేరు లేకుండా విచారణ కుదరదన్నారు. మూడో దానికి ‘పై విషయమై ఇదివరకే చర్య తీసుకోబడినది’ అని జవాబు.

ఇది నేను కోరుతున్న కొత్త సౌకర్యం కాదని మీకు తెలుసు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023 జూలైలో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి పోరాడిన కేసు మన రాష్ట్రానిదే. అందులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన పిల్లలున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని అందులో ఉంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో సిగ్గుపడేలా చేయడం వీలైనంత వరకు మానుకోవాలని ఉంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలని, జిల్లాల్లో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీలు వేయాలని ఉంది. 2022లో ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న లెక్క కూడా అదే తీర్పులో ఉంది. అంతకుముందే మనకు విద్యార్థుల ఆత్మహత్యల మీద వేసిన నీరదారెడ్డి కమిటీ అయ్యింది, చక్రపాణి కమిటీ అయ్యింది. మా జిల్లా పర్యవేక్షణ కమిటీలో సభ్యులెవరని మూడో అర్జీలో అడిగాను. ఆ ముక్కకు జవాబే లేదు.

ఒక్కటి మాత్రం అమలైంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు కాగితం మెస్ గోడ మీద అంటించారు. పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. ఉన్న ఒక్క ఫోను ఫ్లోర్ ఇన్‌చార్జి బల్ల మీద, స్పీకర్‌తో ఉంది.

మా తప్పు లేదని నేను అనను. వాడు చిన్నప్పుడు పడిపోతే “ఏం కాలేదు, మగపిల్లాడివి, ఏడవకు” అన్నది మేమే. పదిలో ఎవరికి ఎంతొచ్చిందో పక్కింటి పిల్లాడితో సహా లెక్క చెప్పింది మేమే. పిల్లాడు మాట్లాడకపోతే బుద్ధిమంతుడనుకున్నాం, అది భయమని తెలుసుకోలేదు. ఇవన్నీ ఎవరు నేర్పాలండీ మాకు? మీరు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, చాలా సంతోషించాను, మా అమ్మాయి బడికి మా ఆయన జీవితంలో మొదటిసారి వచ్చి దాని బెంచీ మీద కూర్చున్నాడు. తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడు లాగే పోటీ పెట్టారు, అందరం కలిసి భోజనం చేశాం. అదే రోజు ఒక్క గంట, ఆ ఈడు పిల్లల మనసు ఎలా ఉంటుంది, ఇంట్లో ఏ మాట అనకూడదు, ఏ మార్పు కనిపిస్తే ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి అని తెలిసినవాళ్ల చేత మా భాషలో చెప్పించండి. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు ఇంకా ముందు చెప్పించండి. మా ఆయన వింటాడు. నేను చెబితే వినలేదు కానీ, బడిలో టీచరు చెబితే వింటాడు.

సంక్రాంతికి వచ్చిన మావాణ్ణి తిరిగి పంపలేదు. పరీక్షలకు మాత్రం తీసుకెళ్లి తీసుకొచ్చాం. రెండేళ్ల ఫీజూ కడితేనే పదో తరగతి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు, ఆ గొడవ వేరే. ఇప్పుడు ఎనిమిదింటి దాకా నిద్రపోతున్నాడు. లేపొద్దని అందరికీ చెప్పాను. మొన్న వాడంతట వాడే వంటింట్లోకి వచ్చి “ఏం కూరమ్మా” అన్నాడు. దోసకాయ పప్పని చెప్పి, ఇటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. కానీ నా అర్జీ సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య ఇంకా ఉంది. నేను పెన్ను పట్టుకుంటే చూస్తాడు. ఈ ఉత్తరం రాస్తానని ముందే అడిగాను. రెండు రోజులు ఆలోచించి, “పేరు లేకుండా రాయి” అన్నాడు.

అయ్యా, ప్రతి హాస్టల్లో ఒక మనిషిని పెట్టించండి, డీన్ కింద పనిచేయని మనిషిని. ఆదివారం ఫోనుకు స్పీకర్ తీయించండి, ఒక తలుపున్న గది ఇప్పించండి. సెక్షను మారినా మంచం మార్చకుండా చూడండి. మనిషిని పెట్టడానికి నిధులు లేవంటే ఆలస్యం చేసుకోండి. స్పీకర్ తీయడానికి ఏ నిధులూ అక్కర్లేదు. వచ్చే ఆదివారానికే అవుతుంది.

ఈ ఉత్తరం చదివి, వివరణ కోసం ఆ కాలేజీ ఏదో ఆరా తీసి వాళ్లకు పంపకండి, చేతులెత్తి మొక్కుతున్నాను. కర్నూలు పిల్లాడు ఇంకా అక్కడే ఉన్నాడు.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
పల్నాడు జిల్లా