రోలర్ రాకముందే అడగాలి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న అందింది. మీ వీధికి మళ్లీ తారు వేయబోతున్నారని, గుంతల పీడ విరగడవుతుందని రాశావు. నాకూ సంతోషమే. కానీ చదువుతున్నంతసేపూ ఒక టెన్షన్ పట్టుకుంది. కొత్త తారు మీద గీతలు ఎక్కడ పడాలో ఎవరైనా ఆలోచించారా? నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. అందుకే ఆలస్యం చేయకుండా కూర్చుని రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు పని ఎలా నడుస్తుందో చెబుతా, అసలు కిటుకంతా అందులోనే ఉంది. మొదట మిల్లింగ్ మెషీన్ వచ్చి పాత తారు పై పొరని గీకేస్తుంది, మామూలుగా నాలుగైదు సెంటీమీటర్ల మందం. ఆ గరుకు నేలని ఊడ్చి, పొరలు అతుక్కోవడానికి పల్చగా తారు చల్లుతారు. దాని మీద దాదాపు 150 డిగ్రీల వేడితో కంకర, తారు కలిపిన మిశ్రమం పరుస్తారు. వేడి తగ్గకముందే రోలర్ తొక్కుతుంది. ఇక ఆ తర్వాత కొన్నాళ్లు, మార్కింగ్ బండి వచ్చేదాకా, రోడ్డు మీద ఒక్క గీత ఉండదు. పలక తుడిచి చేతికిచ్చినట్టు ఉంటుంది. ఆ రోడ్డు మీద ఎవరికి ఎంత చోటివ్వాలో కొత్తగా తేల్చుకోవచ్చు.

కానీ జరిగేది ఏమిటి? ఎవరూ ఏమీ అనకపోతే, మార్కింగ్ వాళ్లు పాత గీతల కొలతలు పట్టుకొచ్చి ఉన్నవి ఉన్నట్టు గీసేసి వెళ్లిపోతారు. ఎప్పుడో, ఎవరో, బహుశా కార్లు జోరుగా పోవాలన్న ఒక్క లెక్కతో గీసిన గీతలు మళ్లీ పది పదిహేనేళ్లు ఖాయమైపోతాయి. నన్ను బాధపెట్టేది ఇదే రా. ఎలాగూ రంగు కొంటున్నారు, ఎలాగూ మనుషులు, బండ్లు వస్తున్నాయి, ఎలాగూ రోడ్డు మూసి పని చేస్తున్నారు. గీత ఇటు గీసినా అటు గీసినా పడే శ్రమ దాదాపు ఒకటే. అదే పని రెండేళ్ల తర్వాత విడిగా చేయాలంటే పాత గీతల్ని గీకేయాలి. గీకిన చోట మచ్చలు పడతాయి. వాన పడ్డ రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో ఆ మచ్చలే గీతల్లా మెరిసి, ఏది పాతదో ఏది కొత్తదో తెలియక బండి నడిపేవాళ్లు తికమకపడతారు. కొత్త తారు మీద ఆ గొడవే ఉండదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. గుంతలున్నప్పుడు అందరూ నెమ్మదిగా పోతారు, వేరే దారి లేక. రోడ్డు నున్నగా అవగానే కాలు తనంతట తానే యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది. అంటే గుంతలు పూడ్చి, మిగతాదంతా అలాగే వదిలేస్తే, నడిచేవాళ్లకి ఆ వీధి మునుపటికన్నా ప్రమాదంగా తయారయ్యే అవకాశం ఉంది. స్పీడ్ సంగతి ఒక లెక్కతో చెబుతా చూడు. గంటకి 30 కిలోమీటర్ల మీద వస్తున్న కారు సెకనుకి 8 మీటర్లకి పైగా కదులుతుంది, 50 మీద వస్తున్నది దాదాపు 14 మీటర్లు. సరిగ్గా 14 మీటర్ల ముందు ఒక పిల్లాడు బంతి వెనకాల రోడ్డు మీదికి వచ్చాడనుకో. చూసి, కాలు బ్రేకు మీద వేయడానికే మనిషికి ఒక సెకను పడుతుంది. 30 మీద ఉన్న డ్రైవరు ఆ సెకను పోయాక ఇంకో 5 మీటర్లలో, పొడి రోడ్డు మీద, పిల్లాడికి ఇవతలే ఆగిపోతాడు. 50 మీద ఉన్నవాడి కాలు బ్రేకుని తాకేసరికి కారు పిల్లాడి దగ్గరకి వచ్చేసి ఉంటుంది, అది కూడా స్పీడ్ ఏమాత్రం తగ్గకుండా. ఇద్దరూ జాగ్రత్తపరులే, ఇద్దరూ చూశారు. తేడా అంతా స్పీడ్‌లోనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 11 లక్షల 90 వేలమంది పోయారు. 5 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్ల మరణాలకి మొదటి కారణం ఇదే. పోయినవాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్ల వాళ్లు, మోటార్ సైకిళ్ల వాళ్లు. ఇదంతా ఎక్కడో హైవేల మీద జరిగేదని మనం అనుకుంటాం. మన గుమ్మం ముందు వీధుల్లోనూ జరుగుతోంది.

మరి స్పీడ్ తగ్గించడం ఎలా? బోర్డు పెడితే తగ్గదు. డ్రైవరు బోర్డు చూసి కాదు, రోడ్డు వెడల్పు చూసి నడుపుతాడు. హైవేలో ఉండే 3.6 మీటర్ల లేన్ ఇళ్ల మధ్య వీధిలో గీస్తే బండి హైవేలోలాగే పోతుంది. 3 మీటర్ల లేన్ గీస్తే ఎవరూ చెప్పకుండానే జాగ్రత్త పడతాడు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు 2023లో ఏడు నగరాల వీధులు పరిశీలించి, గంటకి 30, 35 మైళ్ల పరిమితి ఉన్నచోట తొమ్మిది అడుగుల లేన్లకన్నా పది, పన్నెండు అడుగుల లేన్లలోనే ప్రమాదాలు ఎక్కువని తేల్చారు. వెడల్పుగా ఉంటే క్షేమం అని ఎన్ని దశాబ్దాలు నమ్మారో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

నువ్వు మీ వీధికి నాలుగు లేన్లు అన్నావు కాబట్టి ఇంకాస్త వివరంగా రాస్తాను. నాలుగు లేన్ల రోడ్డు దాటడంలో ఒక ఘోరమైన చిక్కు ఉంది. అమ్మ వాకర్ పట్టుకుని దాటుతోందనుకో. మొదటి లేన్‌లో కారు మర్యాదగా ఆగింది. పక్క లేన్‌లో వెనకనుంచి వస్తున్నవాడికి ఆ ఆగిన కారే అడ్డం, అమ్మ కనబడదు. అమ్మకి వాడూ కనబడడు. ఆగినవాడి మంచితనమే ఆమెని ప్రమాదంలోకి నెట్టినట్టవుతుంది. అటొక లేన్, ఇటొక లేన్, మధ్యలో మలుపు తిరిగేవాళ్లకి ఒక లేన్ గీస్తే ఈ చిక్కు చాలావరకు తీరిపోతుంది. ఎదురు ట్రాఫిక్‌ని దాటి తిరగాల్సిన బండి మధ్యలో ఆగుతుంది కాబట్టి వెనకవాళ్లు హఠాత్తుగా లేన్ మారక్కర్లేదు, వెనకనుంచి గుద్దడాలూ తగ్గుతాయి. ఇలా మార్చిన చోట్ల ప్రమాదాలు 19 నుంచి 47 శాతం దాకా తగ్గాయని అమెరికా ఫెడరల్ హైవే శాఖ చెబుతోంది.

చోటు ఎక్కడిదంటావా? నాలుగు 3.6లు కలిస్తే 14.4 మీటర్లు. మూడు లేన్లు మూడేసి మీటర్లు చొప్పున 9 తీసేయి, 5.4 మిగిలింది. రెండు వైపులా 1.8 మీటర్ల సైకిల్ దారి, దానికీ కార్లకీ మధ్య 90 సెంటీమీటర్ల ఎడం. సరిగ్గా సరిపోయింది. ఒక్క రాయి కదపలేదు, ఒక్క చెట్టు కొట్టలేదు.

ఇక మలుపుల సంగతి. కూడలి అంచుదాకా కార్లు పార్క్ చేస్తే దాటబోయే మనిషి ఆ కారు ముక్కు దాటి రోడ్డు మీదికి తల పెట్టి తొంగిచూడాల్సి వస్తుంది. పిల్లలైతే కారు బానెట్ కన్నా పొట్టిగా ఉంటారు, బయటికి వచ్చేదాకా ఎవరికీ కనబడరు. జీబ్రా క్రాసింగ్‌కి ముందు ఐదారు మీటర్లు పార్కింగ్ లేకుండా చేసి, అక్కడ మళ్లీ ఎవరూ బండి పెట్టకుండా ప్లాస్టిక్ స్తంభాలో, సైకిల్ స్టాండో పెడితే చాలు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో హోబోకెన్ అనే చిన్న నగరం ఉంది, జనాభా 60 వేల చిల్లర, ఇళ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. వాళ్లు వీధులకి తారు వేసినప్పుడల్లా మలుపుల్ని ఇలా ఖాళీ చేస్తూ వచ్చారు. 2017 జనవరి తర్వాత ఏడేళ్లకి పైగా అక్కడి వీధుల్లో ఒక్కరూ ప్రమాదంలో చనిపోలేదు. స్పీడ్ తగ్గించడం లాంటివి ఇంకా కొన్ని చేశారనుకో. కానీ అంత ఇరుకు ఊళ్లో అది సాధ్యమైందంటే మీ వీధిలో ఎందుకు కాదు?

మలుపు దగ్గర ఫుట్‌పాత్ దిగే చోట ర్యాంప్ ఉందో లేదో కూడా చూడు. అమెరికాలో 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక, ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒక కేసులో 1993లో అప్పీళ్ల కోర్టు తేల్చి చెప్పింది: వీధికి మళ్లీ తారు వేయడమంటే ఆ వీధిని మార్చడమే, కాబట్టి ర్యాంపులు కట్టి తీరాలి అని. ఆ తీర్పు అంటే నాకు చాలా గౌరవం. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి రోడ్డు ఎంత నున్నగా ఉంటే మాత్రం ఏం లాభం, దాని మీదికి దిగడానికే వీల్లేకపోతే?

చిన్నవి రెండు మూడు చెప్పి వదిలేస్తా. వాననీటి కాలువ జాలీలకి ఊచలు బండి పోయే దిశలోనే ఉంటే సైకిల్ చక్రం ఇరుక్కుంటుంది, అడ్డంగా ఉన్నవి వేయమనాలి. మ్యాన్‌హోల్ మూతల్ని కొత్త తారు మట్టానికి లేపకపోతే పాత గుంతల చోట కొత్త గుంతలు వస్తాయి. సిగ్నల్ దగ్గర బండి వచ్చి ఆగిందని గుర్తించడానికి తారు కింద ఉండే సెన్సార్ తీగలు మిల్లింగ్‌లో తెగిపోతాయి, కొత్తవి వేసేటప్పుడు సైకిల్‌ని కూడా గుర్తించేలా అమర్చమని అడగాలి. జీబ్రా క్రాసింగ్‌నే ఓ పది సెంటీమీటర్ల లోపు ఎత్తు చేయిస్తే ఇంకా మంచిది. వేడి మిశ్రమం, రోలర్ అక్కడే ఉంటాయి కదా, అప్పుడే అయిపోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. రంగు గోడ కాదు. కార్లు పోయే లేన్ మధ్యలోనే సైకిల్ బొమ్మ గీసి, ఇదిగో మీకూ చోటిచ్చాం అంటే ఒప్పుకోకు. దానివల్ల ఎవరికీ రక్షణ లేదు. పార్కింగ్ ఉన్న వీధుల్లో ఇంతకన్నా మంచి ఉపాయం ఉంది: సైకిల్ దారిని ఫుట్‌పాత్ పక్కకి జరిపి, పార్క్ చేసిన కార్లని దానికి ఇవతల నిలబెట్టడం. ఆగిన కార్లే అడ్డుకట్ట. కారు తలుపు తీసినా సైకిల్‌కి తగలనంత ఎడం మాత్రం ఉంచాలి. న్యూయార్క్‌లో 2007లో నైన్త్ ఎవెన్యూ మీద ఇలా చేశారు, ఆ తర్వాత చాలా ఊళ్లు అదే బాట పట్టాయి. ఉన్న చోటునే వరస మార్చి గీయడం, అంతే.

అభ్యంతరాలు వస్తాయి, సిద్ధంగా ఉండు. పార్కింగ్ పోతుందంటారు. మలుపు దగ్గర ఒకటి రెండు చోట్లు పోతాయి, నిజమే, దాచొద్దు. ట్రాఫిక్ జామ్ అవుతుందంటారు. రోజుకి 20 వేల వాహనాల దాకా పోయే రోడ్లకి మూడు లేన్లు సరిపోతాయని అదే హైవే శాఖ అంటోంది. అంబులెన్స్ సంగతి ఎవరైనా ఎత్తితే కొట్టిపారేయకు, అది న్యాయమైన భయం. మధ్య లేన్ ఉంటే అంబులెన్స్ అందులోంచే పోవచ్చని చెప్పు. ఎత్తు చేసే క్రాసింగులు ఎక్కడెక్కడ ఉండాలో మాత్రం వాళ్లతో మాట్లాడే తేల్చాలి.

ఎవరిని అడగాలన్నావంటే, తారు వేసే విభాగం ఒకటి, ట్రాఫిక్ చూసే విభాగం ఇంకొకటి ఉంటాయి. చాలాచోట్ల వీళ్లూ వాళ్లూ మాట్లాడుకోరు. లాస్ ఏంజెలెస్‌లో 2015లోనే నడక, సైకిల్, బస్సు దారులకి మంచి ప్లాన్ ఆమోదించారు, కానీ ఏళ్లు గడిచినా చాలాభాగం కాగితం మీదే మిగిలింది. వీధులకి తారు పడుతూనే ఉండేది, గీతలు పాతవే పడేవి. చివరికి 2024 మార్చిలో జనం ఓటు వేసి నిబంధన తెచ్చుకున్నారు. ఆ ప్లాన్‌లో ఉన్న వీధిలో మైలులో ఎనిమిదో వంతు, అంటే 200 మీటర్ల పొడవు తారు వేసినా, ప్లాన్‌లో ఆ వీధికి రాసినవన్నీ అప్పుడే చేసి తీరాలి. మీ దగ్గర అలాంటి నిబంధన లేకపోతే, ఇంజినీరు గారిని కలిసి ఒకే ప్రశ్న అడుగు: “మార్కింగ్ డ్రాయింగ్ అయిపోయిందా, చూడొచ్చా?” అయిపోలేదంటే నీకు టైముంది. అయిపోయిందన్నా, తారు పడేలోపు గీతలు మార్చడం కష్టమేమీ కాదు. ఒక్కడివే వెళ్లకు. స్కూల్ పిల్లల తల్లిదండ్రులిద్దరిని, వీలైతే అమ్మని కూడా తీసుకెళ్లు.

ఈలోపు ఒక పని చెయ్యి. తెల్లవారుజామున బండ్లు లేనప్పుడు టేపు పట్టుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకి వెడల్పు కొలువు, మూడు చోట్ల. పార్కింగ్ ఎటువైపుందో, కాలువ జాలీలు ఎక్కడున్నాయో, పిల్లలు ఎక్కువగా ఎక్కడ దాటుతారో ఒక కాగితం మీద గుర్తుపెట్టి నాకు పంపు. అందిన రోజే గీతలు వేసి డ్రాయింగ్ తిరుగు టపాలో పంపిస్తా. పని ఎప్పుడు మొదలవుతుందో తేదీ కూడా కనుక్కుని రాయి.

అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
నీ స్నేహితుడు