లైనక్స్ అంటే ఇంటెల్ ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

పెరంబూరులో మా వీధి తెలుగువాళ్లం కలిసి పిల్లల కోసం చిన్న గ్రంథాలయం నడుపుతున్నాం. పుస్తకాల లెక్క చూసుకోవడానికి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ కొన్నాం. అది లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. ధర తక్కువ, కరెంటు ఖర్చూ తక్కువే. ‘లైనక్స్‌లో పనిచేస్తుంది’ అని రాసి ఉంటే ఒక సంస్థ ఉచితంగా ఇస్తున్న గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. తీరా ఇన్‌స్టాల్ చేయబోతే, ప్యాకేజీ ఏఎండీ64కి చేసింది, మీ మెషీన్ ఆర్మ్64 అంటూ ఆగిపోయింది. లైనక్స్ ఒకటే అయినా ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం బిల్డ్ చేసింది ఆర్మ్ చిప్‌కు అర్థం కాదు.

సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాం) ఇచ్చారు, అదే నయం. దాన్ని బిల్డ్ చేస్తే, అంటే ఫలానా చిప్‌కు అర్థమయ్యేలా మారిస్తే చాలు. ముందు ల్యాప్‌టాప్‌లో క్యూఎము (వేరే రకం చిప్‌ను అనుకరించే ప్రోగ్రాం) పెట్టి ఆర్మ్‌కు బిల్డ్ చేయబోయాను. ఎంతకీ తెమలకపోయేసరికి రాస్ప్‌బెర్రీ పై మీదే మొదలుపెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి ప్యాకేజీ తయారైంది గానీ, పుస్తకాల జాబితా ఫైలు చదవమంటే ప్రోగ్రాం ఎంతకీ ఆగదు! రెండు రాత్రులు ఒకటే టెన్షన్.

చివరికి చూస్తే తప్పు ఒక్క మాటలో ఉంది. ఫైలులోంచి చదివిన ప్రతి బైటునూ ‘చార్’లో, అంటే ఒక్క బైటు పట్టే గడిలో, పెడుతున్నారు. ఫైలు అయిపోయిందనడానికి గుర్తుగా మైనస్ 1 వస్తుంది. ఇంటెల్ మీద చార్ మైనస్ అంకెల్నీ పట్టుకుంటుంది కాబట్టి మళ్లీమళ్లీ చదివే లూప్ ఆగుతుంది. ఆర్మ్ లైనక్స్‌లో మామూలుగా చార్‌కు మైనస్ ఉండదు, ఆ మైనస్ 1 కాస్తా 255 అయి కూర్చుంటుంది, ఆగమనే గుర్తు ఎప్పటికీ కనబడదు. ‘చార్’ తీసేసి, మైనస్ అంకెల్నీ పట్టే పెద్ద గడి ‘ఇంట్’ అని రాశాను, నడిచింది. నిజానికి ఇంటెల్ మీదా అది తప్పే, ఇన్నాళ్లూ బయటపడలేదంతే. ఈ దిద్దుబాటు పంపిస్తే ‘ఆర్మ్‌కు మేం సపోర్ట్ ఇవ్వడం లేదు’ అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. బాధేసింది.

ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నడుపుతున్న డెబియన్ అనే లైనక్స్ రకం, 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలతో రిస్క్-ఫైవ్‌కు (ఎవరైనా ఉచితంగా వాడుకోగల మరో చిప్ ప్రమాణం) కూడా అధికారికంగా ప్యాకేజీలు ఇస్తోంది. ఇదే చెన్నైలో ఐఐటీ మద్రాసు ‘శక్తి’ ప్రాసెసర్లను రూపొందించింది రిస్క్-ఫైవ్ మీదే. ప్రభుత్వాలు బడులకు, గ్రంథాలయాలకు సాఫ్ట్‌వేర్ చేయించేటప్పుడు ఆర్మ్64, రిస్క్-ఫైవ్ ప్యాకేజీలు కూడా ఇవ్వాలని టెండర్‌లోనే రాయాలి. సోర్స్ కోడ్ తప్పనిసరి చేయాలి. ఉచితంగా ఇచ్చేవాళ్లు కనీసం ఏ ప్రాసెసర్‌కు చేశారో డౌన్‌లోడ్ బటన్ పక్కనే చెప్పాలి.

నేను చేసిన ఆర్మ్64 ప్యాకేజీ, దిద్దిన సోర్స్‌తో సహా, సిద్ధంగా ఉంది. ఏ గ్రంథాలయం వాళ్లు అడిగినా, మీ కార్యాలయానికి ఉత్తరం రాస్తే పంపిస్తాను.

- ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై