మూడు అకాడమీలు ఒక్క పత్రిక తేలేవా? ప్రధాన శాస్త్రీయ సలహాదారుకు బహిరంగ లేఖ

భారత ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు గారికి,

నమస్కారం. అలహాబాదులో 1930లో మేఘనాథ్ సాహా ఒక సైన్స్ అకాడమీ పెట్టారు. బెంగళూరులో 1934లో సి.వి. రామన్ ఇంకొకటి పెట్టారు. మరుసటేడు కలకత్తాలో మూడోది పుట్టింది, ఇప్పుడది ఢిల్లీలో ఉంది. ఆనాటి పెద్దల పట్టింపులు వారితోనే పోయాయి, బోర్డులు మాత్రం మూడూ నిలిచాయి. విద్యార్థులకు వేసవి ఫెలోషిప్‌లు ఇప్పటికే కలిసి ఇస్తున్నారు. పరిశోధన వ్యాసాలు అచ్చేసే పత్రిక 'ప్రొసీడింగ్స్' దగ్గరికొచ్చేసరికి ఎవరిది వారిదే.

యూరప్ వాళ్లు ఇంతకంటే పెద్ద భేషజాలే దాటారు. సత్యేంద్రనాథ్ బోస్ 1924 నాటి వ్యాసం అచ్చయిన జర్మన్ పత్రిక గుర్తుందా? 'త్సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజిక్'. అంతటి పేరునూ వదులుకుని, ఫ్రెంచి, ఇటాలియన్ పత్రికలతో కలిసి 1998లో 'యూరోపియన్ ఫిజికల్ జర్నల్'గా వచ్చింది. మన భౌతికశాస్త్ర పత్రిక 'ప్రమాణ' కూడా 1973 నుంచి ఉమ్మడి సహకారంతోనే నడుస్తోంది కదా!

అకాడమీల విలీనం తర్వాత చూద్దాం, ఆస్తులూ పదవులూ అడ్డొస్తాయి. ముందు పత్రికలు కలపండి. పాత సంపుటాలన్నీ ఉచితంగా దొరకాలి, వాటి లింకులు తెగకూడదు. పత్రిక పేరు, హక్కులు ప్రచురణ సంస్థకు రాసివ్వొద్దు. రచయితల దగ్గర రుసుము తీసుకోవద్దు. జీతం తీసుకుని పూర్తికాలం పనిచేసే సంపాదకులు కావాలి, గౌరవ పదవులతో సమీక్షలు నెలల తరబడి మూలుగుతాయి. డబ్బెక్కడిదంటారా? పత్రికల చందాలకే మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించిన ప్రభుత్వం మనది.

ముగ్గురు అధ్యక్షులనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం మీ కార్యాలయానికే సాధ్యం. ఆ సమావేశం తేదీ ప్రకటించండి.

ఇట్లు,
డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
విజయనగరం