ఎర్ర గుర్తు సంగతి

బెంగళూరు,
జాలహళ్ళి

చిరంజీవి హారికకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. వానలు పట్టుకున్నాయి, పీణ్యలో మా షాపు ముందు మోకాలి లోతు నీళ్ళు. అమ్మ కరివేపాకు మొక్క ఎట్టకేలకు చిగురేసింది, దాని జోలికి ఎవరూ పోకూడదని ఆర్డరు. అవ్వ నీ మంచం ఆక్రమించుకుంది, అక్కడైతే ఫ్యాను గాలి బాగా తగులుతుందట. నువ్వు ఫోన్ చేయడం లేదని రాస్తున్న ఉత్తరం కాదిది. చెన్నైలో బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుతో అలసిపోతావని నాకు తెలుసు. ఊరికే రాయాలనిపించింది.

మొన్న యశవంతపుర మార్కెట్లో లిఖిత వాళ్ళమ్మ కనిపించింది. ఎర్రగడ్డల ధర దగ్గర మొదలుపెట్టి చివర్లో, "మీ పాప పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టారంట గదా" అంది. ఎవరో ఫిజియోలు వచ్చి మీ టీమునంతా ఒంటికాలి మీద నిలబెట్టి కొలిచారట, ఎవరి చీలమండకు దెబ్బ తగిలే రిస్కుందో తేల్చేశారట. ఆమె మాటలు నేను పట్టించుకోను. మీ అమ్మ పట్టించుకుంది. ఆ రాత్రి చపాతీలన్నీ మాడాయి.

సరే, సుధీర్ ఫిజియోథెరపీ చదివి ఏం లాభమని వాణ్ణే అడిగాను. వాడు హాల్లో నేల మీద టేపుతో ఇంగ్లీషు వై అక్షరం అతికించి బన్నీగాడి చేత చేయించి చూపించాడు. ఒక కాలి మీద నిలబడి రెండో కాలిని ముందుకు, వెనక అటు పక్కకు, ఇటు పక్కకు చాచగలిగినంత చాచాలి. తూలకూడదు. బన్నీ పోయి టీపాయ్ మీద పడ్డాడు. టీపాయ్ బాగానే ఉంది. ముందుకు చాచినప్పుడు కుడి ఎడమలకు తేడా 4 సెంటీమీటర్లు దాటితే గుర్తు పెడతారట. అమెరికాలో ఇండియానా హైస్కూలు బాస్కెట్‌బాల్ పిల్లల్ని ఒక సీజనంతా గమనించి 2006లో వేసిన లెక్క అది. అంత తేడా ఉన్నవాళ్ళకు గాయాలయ్యే అవకాశం 2.5 రెట్లు ఎక్కువట. అందులో చీలమండ ఒక్కటే కాదు, మోకాలూ తొడా కూడా కలిసే ఉన్నాయి. ఆ సంగతి లిఖిత వాళ్ళమ్మకు ఎవరు చెప్పాలి?

మా షాపులో సరుకు కొలత సరిపోయిందో లేదో చూసే గో, నో-గో గేజీ చూశావు కదా. గో వైపు దూరి నో-గో వైపు దూరకపోతే సరుకు పాసు, లేదంటే పక్కన పెట్టేస్తాం. పిల్లల కాళ్ళు అలా తేలవు. గుర్తు పడ్డ పిల్ల సీజనంతా హాయిగా ఆడొచ్చు, గుర్తు లేని పిల్ల మొదటి మ్యాచ్‌లోనే కుంటొచ్చు. నార్వే డాక్టరు రోల్డ్ బార్ 2016లో ఇదే రాశాడని సుధీర్ చెప్పాడు. దెబ్బ తగిలినవాళ్ళ కొలతలూ తగలనివాళ్ళ కొలతలూ చాలావరకు కలిసిపోయి ఉంటాయి, ఎక్కడ గీత గీసినా ఇటువాళ్ళు అటూ అటువాళ్ళు ఇటూ పడతారట. కాబట్టి ఆ గుర్తు నీ జాతకం కాదు. దాని గురించి మనసు పాడుచేసుకుని ఫోన్ మానేశావేమోనని మీ అమ్మ అనుమానం. నాకు అలాంటి టెన్షన్ ఏమీ లేదు.

మెస్సులో పెరుగు పులుస్తోందన్నావు, మారిందా? రాత్రిపూట గుడ్డు ఇస్తున్నారా?

కొలతల సంగతి ఎలా ఉన్నా, ఇంతకుముందు బెణికిన కాలే మళ్ళీ బెణుకుతుందనే మాటను మాత్రం ఎవరూ కాదనరట. చిన్నాయన సంగతి నీకు సగమే తెలుసు. మదనపల్లెలో చదివేటప్పుడు వాలీబాల్ నెట్ దగ్గర ఎగిరి, దిగడం దిగడం అవతలివాడి పాదం మీద దిగాడు. పాదం లోపలికి మడతపడింది. సాయంత్రానికి చెప్పు పట్టనంత వాపు. తాత తెల్లారేసరికి బస్సెక్కించి పుత్తూరు తీసుకుపోయాడు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, పెద్ద కట్టు. కట్టు బాగానే కుదిరింది, తప్పంతా మనవాడిదే. చిత్తూరు వాళ్ళతో మ్యాచ్ ఉందని, బావి గట్టు మీద కూర్చుని కొడవలితో ఆ కట్టు కోసి పారేశాడు. చూసిన మీ అత్తకు గోళీసోడా లంచం. మ్యాచ్ గెలిచారు కూడా, అదే వచ్చిన చిక్కు. రెండు నెలలు తిరక్కముందే అదే కాలు మళ్ళీ మడతపడింది. ఆ తర్వాత ఆట అక్కర్లేదు, చేను గట్టు మీద నడిస్తే చాలు. మీ అత్త పెళ్ళిలో పానకం బిందెతో సహా మండపం మెట్ల మీద దొర్లాడు, వియ్యాలవారు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. ఇప్పుడు కూడా మెట్రో ఎస్కలేటర్ ఎక్కే ముందు కాళ్ళ వంక చూసుకుంటాడు. ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంటు సాగి సరిగ్గా మానకపోతే పాదం ఎటు వాలుతోందో ఒంటికి ఆలస్యంగా తెలుస్తుందట, కండరం బిగుసుకునేలోపే మడతపడిపోతుంది.

ఉగాదికి వచ్చినప్పుడు నువ్వు ప్రతి మెట్టుకూ కుడికాలే ముందు పెట్టి దిగావు. చెప్పు కరిచిందన్నావు. సరే అన్నాను. ఫిజియోలు ఇచ్చిన కాగితంలో పాత దెబ్బల దగ్గర ఏం రాశావు?

లెక్చరు ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను, అయినా రెండు ముక్కలు. ఒంటికాలి బ్యాలెన్స్ సాధన చేయించిన హైస్కూలు ఆటగాళ్ళలో చీలమండ బెణుకులు 38 శాతం తగ్గాయని అమెరికాలోనే ఇంకో పరిశీలన, అదీ 2006దే. సీజన్ నడుస్తుంటే వారానికి 3 సార్లు, 10 నిమిషాలు చాలట. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడు, ముందు కళ్ళు తెరిచి, అలవాటయ్యాక మూసుకుని. బాత్‌రూమ్‌లో మాత్రం వద్దు, జారుతుంది. ఎప్పుడైనా కాలు మడతపడి, నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాల్సిందే. నీ వయసులో ఎముక చివర ఇంకా పెరుగుతుంటుంది, బెణుకే కదా అని ఊరుకోకూడదు. కోచ్ సార్ ఏమనుకుంటారోనని దాచొద్దు. దాచావని నేను అనడం లేదు.

సుధీర్ ఆదివారం చెన్నై వస్తున్నాడు. లేసులతో బిగించే బ్రేసు కొని వాడి చేత పంపుతాను, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు అది పనికొస్తుందని వాడే అన్నాడు. సైజు కావాలి. చీలమండ చుట్టూ టేపు పెట్టి, రెండు కాళ్ళూ విడివిడిగా కొలిచి పంపు. ఏ కాలైనా వాచి ఉంటే వాచినట్టే రాయి, వాపు మీద కొలిస్తే తర్వాత వదులైపోతుంది. అమ్మ కందిపొడి, కాకరకాయ వేపుడు కడుతోంది. కాకర పారేయకు, లిఖితకు పెట్టు. శుక్రవారంలోగా కొలతలు రాకపోతే సుధీర్‌తో పాటు నేనూ బండెక్కుతాను.

మీ నాన్న