పోస్ట్‌డాక్‌కు అడ్డుపడుతున్న ఒక్క సంతకం

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. అయితే పీహెచ్‌డీ పట్టాకూ అధ్యాపక ఉద్యోగానికీ నడుమ ఉన్న పోస్ట్‌డాక్టొరల్ పరిశోధన అనే మెట్టు దగ్గరే మా ప్రాంతపు పరిశోధకులు ఎందుకు ఆగిపోతున్నారన్నది చర్చకు రావడం లేదు. వేరుశనగ తెగుళ్లపై వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, అనంతపురంలో గంటల లెక్కన డిగ్రీ పాఠాలు చెప్పుకుంటున్న నేను, నా అనుభవాన్ని బట్టి ఈ విషయం రాస్తున్నాను.

పీహెచ్‌డీ అయినవారు పరిశోధన కొనసాగించేందుకు కేంద్రం ఇచ్చే జాతీయ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్‌ను మొదట సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన మండలి నడిపేది. 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఇప్పుడు ఆ బాధ్యత తీసుకుంది. ఫెలోషిప్ కాలం రెండేళ్లు. జీతభత్యాలు, పరిశోధన నిధి ఢిల్లీ నుంచే వస్తాయి కనుక చేర్చుకునే విశ్వవిద్యాలయం తన ఖజానా నుంచి జీతం ఇవ్వవలసిన పని లేదు. కావలసిందల్లా మార్గదర్శిగా ఉంటానని ఒక ఆచార్యుడు ఒప్పుకోవడం, ఆ పరిశోధనకు చోటు ఇస్తామని సంస్థ అధిపతి ధ్రువపత్రంపై సంతకం చేయడం.

మార్గదర్శి నాకు దొరికారు. ప్రతిపాదనను ఇద్దరం కూర్చుని నెల రోజులు దిద్దుకున్నాం. సంతకం కోసం పంపిన ఫైలు మాత్రం ఇది పోస్టా, స్కాలర్‌షిప్పా అన్నది తేలక ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు తిరిగింది. పోస్టయితే మంజూరు ఉత్తర్వు ఏదని ఒకరు, స్కాలర్‌షిప్పయితే విద్యార్థి అడ్మిషన్ నంబరు ఏదని మరొకరు అడిగారు. (పీహెచ్‌డీ అయ్యాక అడ్మిషన్ నంబరు ఎక్కడిదో నాకు నేటికీ అర్థం కాలేదు.) ఆలోగా దరఖాస్తు గడువు ముగిసింది.

ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్ ఉద్యోగాలు లేకపోలేదు. 2023 సవరణ తర్వాత వాటి ప్రారంభ వేతనం నెలకు 58,000 రూపాయలు. కానీ ప్రకటన సంస్థ వెబ్‌సైటులో ఏ మూలనో కనిపించేసరికి ఇంటర్వ్యూకు వారం కూడా ఉండదు, దారి ఖర్చులివ్వరు, రాత్రి బస్సులో హైదరాబాద్ చేరాక ఆ పని ఆరు నెలలకేనని తెలుస్తుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అభ్యర్థులను వడపోసేటప్పుడు బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవానికి ఏడాదికి 2 మార్కుల చొప్పున గరిష్ఠంగా 10 ఇస్తారు. అంటే ఆగిపోయిన ఆ ఫైలు విలువ నాకు 4 మార్కులు. నా ఊరి పొలాల్లోని తెగులుపై రెండేళ్లు చేయగలిగిన పని విలువను ఏ మార్కుల్లో కట్టాలో తెలియదు.

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, కడపలోని యోగి వేమన, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఇది: పోస్ట్‌డాక్ పరిశోధకులకు మార్గదర్శకులుగా ఉండటానికి సిద్ధపడే ఆచార్యుల జాబితాను విభాగాలవారీగా బహిరంగంగా ఉంచండి, ధ్రువపత్రాల పనిని ఒకే అధికారికి అప్పగించి, వారం రోజుల్లో ఇస్తామో ఇవ్వమో రాతపూర్వకంగా చెప్పండి.

ఈ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35 ఏళ్లు, మహిళలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. నాకిప్పుడు 39.

– ఒక పరిశోధకురాలు, అనంతపురం