సీలు మార్చే ముందు బ్రీదర్ పైపు చూడండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, మక్కలు, పత్తి వేసుకొచ్చే లోడ్ బండి నాది. పోయిన జూన్‌లో మొదటి వాన పడ్డ పొద్దున, బండ్లు లైన్లో ఆగే మలుపు దగ్గర మా తమ్ముడి బిడ్డ స్కూటీ జారింది. మోచెయ్యి గీరుకుపోయింది. దేవుడి దయ, తలకు ఏమీ కాలేదు. పిల్లను లేపుదామని వంగితే నీళ్ల మీద నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో మెరుస్తూ తెట్టు కనపడింది. ఎండాకాలమంతా బండ్ల నుంచి కారిన ఆయిల్ అది. దుమ్ముతో కలిసి తారును పట్టుకొని ఉంటుంది, మొదటి వానకు పైకి తేలుతుంది. గట్టి వాన పడి కొట్టుకుపోయేదాకా రెండు చక్రాల బండికి అది సబ్బు నీళ్ల లెక్క. ఆ తెట్టులో నా బండి చుక్కలు కూడా ఉన్నాయి. అప్పటికి ఏడాదిగా వారానికి అర లీటరు ఆయిల్ పోస్తూనే తిరుగుతున్నాను. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది 2012 మోడల్ డీజిల్ పికప్. నంబరు ఇప్పటికీ పాత ఏపీ 36 మీదే ఉంది. నేను కొనేనాటికే ముందటి ఓనరు దానికి చాలా మార్పులు చేయించాడు. పత్తి ఎక్కువ పడుతుందని బాడీ పక్కలకు యాంగిళ్లు వెల్డింగ్ చేయించి అడుగున్నర ఎత్తు లేపాడు. వెనక బరువు మోసే కమాన్ కట్టకు రెండు పట్టీలు అదనంగా వేయించాడు. ఇంజన్ కింద రాయి తగలకుండా మందపు ఇనుప రేకు కొట్టించాడు. బండి చూడటానికి దిట్టంగా ఉండేది. నేనూ ఆ దిట్టతనం చూసే కొన్నాను.

ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య, జాయింట్ దగ్గర ఆయిల్ కారేది. ఒక షెడ్డుకు పోతే కిందికి దూరి చూసి 'క్రాంక్ వెనక సీలు పోయింది' అన్నారు. అంటే ఇంజన్ తిప్పే ఇరుసు వెనక ఆయిల్ కారకుండా ఆపే రింగు. గేర్‌బాక్స్ దింపి సీలు మార్చారు. రెండు నెలలకు మళ్లీ కారింది. ఇంకో షెడ్డులోనూ అదే మాట, అదే పని. ఈసారి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ ప్యాకింగ్ చుట్టూ సిలికాన్ పేస్ట్ కూడా దట్టంగా పూశారు. రెండుసార్లకు కలిపి 12,000 రూపాయలు అయ్యాయి. సీజన్లో ఐదు రోజులు బండి నిలబడింది. ఆ షెడ్డు పిల్లలను నేను తిట్టను. కింద తడి ఉంటే కింది సీలే అనుకోవడం వాళ్లకు ఎవరో నేర్పిన అలవాటు. వాళ్లు కారిన చోటు చూశారు, పుట్టిన చోటు వెతకలేదు.

పిల్ల పడ్డాక, మా ఊరి డ్రైవర్ ఒకతను చెబితే, పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన పానా ముట్టుకోలేదు. బండి స్టార్టింగ్‌లోనే ఉంచమని, ఆయిల్ పోసే మూత తీసి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టారు. అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీది మూత ఎగిరినట్టు అది టకటకా ఎగిరి పక్కన పడింది. ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ లాగితే అక్కడి నుంచి కూడా ఉస్సుమని ఆవిరి. 'బిడ్డా, సీలు మంచిగనే ఉంది. నీ ఇంజన్‌కు ఊపిరాడ్తలేదు' అన్నారు.

సంగతేమిటంటే, ఇంజన్‌లో డీజిల్ మండిన ప్రతిసారీ కొంత గాలి పిస్టన్ రింగులను దాటి కింది చాంబర్‌లోకి దిగుతుంది. కొత్త ఇంజన్‌లో తక్కువ, పాతదాంట్లో ఎక్కువ. ఆ గాలి బయటికి పోవడానికే బ్రీదర్ పైపు. నా బండికి కింద రేకు కొట్టినప్పుడు ఆ రబ్బరు పైపు రేకుకూ చాసిస్‌కూ మధ్య నలిగింది. అది ఎవరూ చూసుకోలేదు. నలిగిన చోట మట్టి, ఆయిల్ కలిసి పిండిముద్దలా గట్టిపడ్డాయి. మిస్త్రీ సైకిల్ చువ్వతో పొడిచి తీస్తే బొటనవేలంత ముద్ద రాలింది. దారి లేని గాలి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఎన్ని కొత్త సీళ్లు వేసినా అదే జరుగుతుంది. పైపు కొత్తది వేసి మళ్లీ మూత పెట్టి చూస్తే కొంచెం వణికింది, అంతే. బ్రీదర్ బాగున్నా మూత అట్లాగే ఎగిరితే మాత్రం రింగులు అరిగినట్టు, అప్పుడు ఇంజన్ పనికి సిద్ధపడాల్సిందే.

అప్పటికే ఎక్కడో ఒకచోట ప్యాకింగ్ తోసుకుపోయి ఉంటుంది కదా, అది తేల్చాలి. అల్టర్నేటర్‌కూ గాలి ఫిల్టర్ మూతికీ ప్లాస్టిక్ కవర్లు కట్టి, ఇంజన్ అంతా డీజిల్ పట్టించి, సర్ఫ్ నీళ్లతో కడిగాం. పూర్తిగా ఆరనిచ్చాం. తర్వాత ఆయన ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చి జాయింట్లన్నిటి మీదా చల్లారు. ములుగు రోడ్డు మీద 20 కిలోమీటర్లు తిప్పుకు రమ్మన్నారు. వచ్చాక టార్చి వేసి పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చాం. ఇంజన్ నెత్తి మీది టాపెట్ కవర్ వెనక మూల, క్యాబిన్ వైపు చెయ్యి కూడా సరిగ్గా పట్టని చోట, తెల్లటి పౌడర్ మీద నుదుటి చెమట జారినట్టు ఒక్క గీత. ఆ గీత ఇంజన్ వీపు మీదుగా దిగి గేర్‌బాక్స్ జాయింట్ దగ్గరే చేరుతోంది. 400 రూపాయల ప్యాకింగ్‌తో పోయే దానికి రెండుసార్లు గేర్‌బాక్స్ దింపించాను.

చాంబర్ విప్పితే ఇంకో సంగతి బయటపడింది. దట్టంగా పూసిన సిలికాన్ లోపలికి కూడా పొంగి, ముక్కలుగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అంటుకుంది. ఇంకొన్నాళ్లు అట్లాగే నడిపితే ఆయిల్ అందక ఇంజన్ పట్టేసేది. కారకుండా చేద్దామని పూసిన మందే ప్రాణం మీదికి తెచ్చేది.

వెనక చక్రాలను తిప్పే గేర్ల డబ్బా, అదే డిఫరెన్షియల్, దాని సంగతి చూస్తే ఇంతకంటే భయమేసింది. దాని మీద కూడా చిన్న గుండీ అంత బ్రీదర్ ఉంటుంది. నా బండికి దాని మీద రంగు, బురద పేరుకొని మూసుకుపోయింది. నడిచేకొద్దీ లోపల వేడెక్కి గాలి ఉబ్బుతుంది, దారి లేక గేర్ ఆయిల్‌ను యాక్సిల్ సీలు దాటించి చక్రంలోకి తోస్తుంది. కుడి చక్రం డ్రమ్ము విప్పితే బ్రేక్ షూ నూనెలో వేయించిన బజ్జీలా ఉంది. బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంటే ఇన్నాళ్లూ రోడ్డుదే తప్పనుకున్నాను. అట్లా తడిసిన షూలను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేయకండి, పీల్చుకున్న ఆయిల్ వేడికి మళ్లీ బయటికి వస్తుంది. మార్చేయండి. అదనపు కమాన్ పట్టీల వల్ల వెనక భాగం లేచి, గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారి, ఆ అదురుకు డిఫరెన్షియల్ ముందువైపు పినియన్ సీలు కూడా కారుతోంది. అక్కడ షాఫ్ట్ బిగించే ఫ్లాంజి మీద గోరుకు తగిలేంత గాడి పడింది. గాడి పడ్డ ఫ్లాంజి మీద కొత్త సీలు వేసినా నిలవదు, ఫ్లాంజి కూడా మార్చాను.

పట్టీలు రెండూ తీయించాను, బాడీ ఎత్తు కోయించాను, రేకు విప్పి పారేశాను. రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండిని అనుమతి లేకుండా మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ట్రిప్పుకు నాలుగు బస్తాలు తగ్గాయి, నిజమే. అయినా బండి ఇప్పుడు తిన్నగా ఆగుతోంది.

అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఎనిమిదేళ్లు దాటిన లోడ్ బండికి ఏటా ఫిట్‌నెస్ తనిఖీ ఉంటుంది. పోయే ముందు రోజు ఇంజన్ కడిగించుకొని పోవడం మాలో చాలామందికి అలవాటు. కడిగిన బండి ఆ పూట పొడిగానే కనపడుతుంది. కాబట్టి ఆ ఒక్క రోజు మీద ఆధారపడొద్దు. మిర్చి సీజన్లో మార్కెట్ బయట బండ్లు రాత్రంతా లైన్లో ఉంటాయి. డ్రైవర్లకు అప్పుడు పనేమీ ఉండదు. ఐటీఐ డీజిల్ మెకానిక్ పిల్లలను మాస్టార్లతో సహా వారానికి రెండు సాయంత్రాలు అక్కడికి పంపండి. టార్చి, పౌడర్ డబ్బా, చువ్వ ఉంటే చాలు. పిల్లలకు పాత ఇంజన్ల మీద చెయ్యి తిరుగుతుంది, మాకు జబ్బు తెలుస్తుంది. మార్కెట్ కమిటీ అక్కడే వాడిన ఆయిల్ పోయడానికి ఒక డ్రమ్ము పెట్టి, తీసుకుపోయే ఏర్పాటు చేయాలి. 2016 నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. ఇప్పుడైతే మోరీల్లోకే పోతోంది.

తోటి డ్రైవర్ అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. రాత్రి బండి కింద ఒక అట్టపెట్టె విప్పి పరవండి. నల్లగా పడితే ఇంజన్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఎక్కువగా పవర్ స్టీరింగ్‌ది. చిక్కగా, గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్. నేను రోజూ పరుస్తున్నాను. ఈ పొద్దున ఇంజన్ కింద అట్ట పొడిగానే ఉంది. గేర్‌బాక్స్ తోక దగ్గర ఒక్క చుక్క పడింది, వేలితో తీసి చూస్తే గంధకం వాసన. ఆదివారం మార్కెట్ సెలవు, ఆ పని చూసుకుంటాను.

ఇట్లు,
ఒక పికప్ బండి యజమాని,
దుగ్గొండి మండలం, వరంగల్ జిల్లా